బెంకటరావు పేరు మీద అప్పుందా?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం తాకట్టు రికార్డుల గురించే వచ్చాయి. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి రాసినవాళ్ళు కాబట్టి మన సరిహద్దు చిక్కులన్నీ వాటిలో ఉన్నాయి. నేను బరంపురంలో, బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నేను చూసిన తాకట్టు తగాదాల్లో మోసం కంటే టైపింగ్ తప్పులే ఎక్కువ. ఉత్తరాలను కుదించి, పేర్లు తీసేసి ఇస్తున్నాను.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఒక పాత ఇల్లు కొనాలనుకుంటున్నాం. అమ్మేవారు మా ఆయనకి పెదనాన్న వరస. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే అప్పేమీ లేదని వచ్చింది. మా అబ్బాయి బ్యాంకు తాకట్టులు నమోదయ్యే సెర్సాయ్ వెబ్‌సైట్‌లో కూడా ఆయన పేరు కొట్టి చూశాడు, అక్కడా ఏమీ లేదు. ఒరిజినల్ దస్తావేజు చూపించమంటే మాత్రం "బీరువాలో ఉంది, తర్వాత చూద్దాంలే" అంటున్నారు. అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఇవ్వకండమ్మా. ఒరిజినల్ కంటితో చూసేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పెదనాన్నగారిని గట్టిగా ఎలా అడగడం అని మొహమాటపడుతున్నారని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. పరాయివాడైతే ఈపాటికి నాలుగుసార్లు అడిగేవారు.

ముందు ఈసీ సంగతి. అందులో కనబడేవి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. ఒరిజినల్ దస్తావేజు బ్యాంకు చేతిలో పెట్టి అప్పు తీసుకునే పద్ధతి ఒకటి ఉంది. ఆస్తి బదలాయింపు చట్టం 58వ సెక్షన్ దాన్ని తాకట్టుగానే గుర్తిస్తుంది, కానీ దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇంటి మీద పాతిక లక్షల అప్పున్నా ఈసీ తెల్లకాగితంలా రావచ్చు. ఈ సందులోంచే ఒకప్పుడు కలర్ జిరాక్సులు చూపించి ఒకే ఇంటి మీద రెండు మూడు బ్యాంకుల్లో అప్పు తెచ్చేవారు. దాన్ని ఆపడానికే, బాకీ కట్టకపోతే కోర్టుకి వెళ్ళకుండానే బ్యాంకు ఆస్తి స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 మార్చి 31న మొదలైంది. 2020 జనవరి 24 నుంచి, అక్కడ నమోదు చేయని బ్యాంకు సర్ఫేసీ కింద ఆస్తి స్వాధీనానికి రాకూడదు. అంతమాత్రాన ఆ తాకట్టు చెల్లకుండా పోదు, సివిల్ కోర్టు దారి తెరిచే ఉంటుంది. నమోదు చేసి ఉంటే మాత్రం అది అందరికీ తెలిసినట్టే చట్టం లెక్కేస్తుంది. రేపు మీరు "మాకు తెలియదండీ" అన్నా వినేవాళ్ళుండరు.

ఇక మీ అబ్బాయి వెతికిన తీరు. పేరు కొట్టాడన్నారు. ఏ పేరు?

ఆయన పేరు కె. వెంకటరావు అనుకుందాం. ఆధార్‌లో వెంకట, రావు విడివిడిగా, చివర ఇంటిపేరు పొడి అక్షరం. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా, అదీ మొదట్లో. పట్టా ఒడియాలో ఉంటుంది. మన 'వ' అక్కడ చాలాసార్లు 'బ' అయిపోతుంది కాబట్టి ఆయన అందులో బెంకట రావు. అప్పు ఇచ్చిన రోజు బ్యాంకు గుమాస్తా ముందు ఏ కాగితం ఉంటే ఆ పేరే ఇంగ్లీషులో టైపు చేసి ఉంటాడు. పట్టా చూసి చేసి ఉంటే మొదటి అక్షరమే 'వి' బదులు 'బి'. పైగా ఫారంలో పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి ఉంటే మన ఇంటిపేరు ఏ గడిలోకి వెళ్ళిందో దేవుడికే తెలియాలి, ఒడియా వాళ్ళకి ఇంటిపేరు చివర కదా! ఇవన్నీ ఒకే మనిషివని మీకూ నాకూ తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. "ఏమీ రాలేదు" అంటే అప్పు లేదని కాదు, మీరు కొట్టిన అక్షరాలతో నమోదు లేదని మాత్రమే.

అందుకని మన ప్రాంతంలో ముందు ఆస్తితో వెతకాలి, పేరుతో వెతకడం ఆ తర్వాతి పని. సెర్సాయ్‌లో ఆస్తి వివరాలతో వెతికే వీలుంది, అప్పు తీసుకున్న వ్యక్తి వివరాలతో వెతికే వీలూ ఉంది. ప్లాట్ నంబరుతో మొదలుపెట్టండి. అయితే నంబర్లలోనూ మెలిక ఉంది. సెటిల్‌మెంట్, అంటే ప్రభుత్వం భూములు మళ్ళీ కొలిచి రికార్డులు రాయడం, జరిగినప్పుడు ఖాతా, ప్లాట్ నంబర్లు మారతాయి. పాతదాన్ని సాబిక్ అనీ, ఇప్పటిదాన్ని హాల్ అనీ అంటారు. మీ పెదనాన్నగారి పాత దస్తావేజులో సాబిక్ నంబరుంటే, ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో ఇప్పుడు కనబడేది హాల్ నంబరు. బ్యాంకు ఏది ఎక్కించిందో బయటివాళ్ళకి తెలియదు కాబట్టి రెండింటితోనూ వెతకండి. ఏ సాబిక్ నంబరుకి ఏ హాల్ నంబరో తహసీల్ ఆఫీసులో అడిగి ముందే రాసుకోండి.

తర్వాత జిల్లా పేరు. చాలామంది దీన్ని పట్టించుకోరు. గంజాం నుంచి గజపతి, కొరాపుట్ నుంచి రాయగడ విడిపోయింది 1992 అక్టోబరు 2న. అంతకుముందు రాసిన దస్తావేజుల్లో పర్లాకిమిడి గంజాం జిల్లాలోనే ఉంటుంది. పాత దస్తావేజు చూసి టైపు చేసినవాడు జిల్లా గంజాం అని ఎంచుకుని ఉంటే, మీరు గజపతి అని ఎన్నిసార్లు వెతికినా రాదు. ఇది చాలదన్నట్టు రాయగడలు రెండున్నాయి. ఒకటి జిల్లా కేంద్రం. రెండోది మీ గజపతి జిల్లాలోనే ఉన్న రాయగడ బ్లాకు. ఒకదాని ఆస్తి ఇంకొకదాని జిల్లాలో నమోదైపోవడానికి ఒక్క క్లిక్ చాలు. 1936 ఏప్రిల్ 1కి ముందు, మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్ననాటి తెలుగు దస్తావేజులు కొందరి ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. వాటిలోని ఊరిపేర్ల స్పెల్లింగు వేరు, కొలతలు వేరు. అలాంటిది బయటికొస్తే అది చదవగల లాయరుకి చూపించండి, నెట్‌లో వెతికి లాభం లేదు.

నంబర్లయ్యాక పాన్‌తో, ఆ తర్వాత పేరుతో. పేరుని వీలైనన్ని రకాలుగా కొట్టండి: ఇంటిపేరు ముందు, వెనుక, అసలు లేకుండా, వెంకట, బెంకట, కలిపి, విడదీసి. ఒక్కోదానికి 10 రూపాయలు, పైన జీఎస్టీ. ఇల్లు కొంటూ ఇక్కడ పిసినారితనం చేయకండి. ప్రతి రిపోర్టూ ప్రింట్ తీసి దాచండి. అగ్రిమెంట్ రోజు ఒకసారి, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్న మళ్ళీ ఒకసారి చూడండి. ఈ రెండింటి మధ్యలో తాకట్టు పెట్టేవాళ్ళూ ఉన్నారు.

ఇంత చేసినా సెర్సాయ్‌లో కనబడేది అక్కడ నమోదు చేసే సంస్థల అప్పులే. ఊళ్ళో వడ్డీకిచ్చే ఆసామి దగ్గర దస్తావేజు పెట్టి ఉంటే ఏ కంప్యూటరూ చెప్పదు. అందుకే ఒరిజినల్ చూడాలని మొదట్లోనే చెప్పాను. "పోయింది" అంటే పోలీసు ఫిర్యాదు కాపీ, పేపర్లో వేసిన ప్రకటన అడగండి. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో కొనేవాళ్ళు ఇంకొకటి కూడా చూసుకోవాలి: ఆ భూమి ఒకప్పుడు గిరిజనులదా అని. గిరిజనుల భూమి చేతులు మారకుండా కట్టడి చేసే 1956 నాటి రెండో రెగ్యులేషన్ సంగతి ఏ తాకట్టు రికార్డులోనూ కనబడదు.

ప్రశ్న: ఇచ్ఛాపురంలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ గూడ్స్ ఆటో బేరం కుదిరింది. ఏపీ 39 బండి. ఫైనాన్స్ తీరిపోయిందని బ్యాంకు ఎన్‌ఓసీ ఇచ్చారు. ఒడిశా నంబరు వేయించుకోవడానికి అది చాలదా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: చాలదు. రెండు ఎన్‌ఓసీలున్నాయి, చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటారు. బ్యాంకు ఇచ్చేది అప్పు తీరిందన్న కాగితం. దాంతోపాటు ఫైనాన్షియర్, ఓనర్ ఇద్దరూ సంతకాలు చేసిన ఫారం 35 ఆర్టీఓ దగ్గరికి వెళ్తేనే ఆర్‌సీలోంచి హైపోథికేషన్, అంటే బండి మీది తాకట్టు, పోతుంది. రెండో ఎన్‌ఓసీ, బండి వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళడానికి అది ఇప్పుడు రిజిస్టరై ఉన్న చోటి ఆర్టీఓ ఇచ్చే ఫారం 28. ముందు మొదటిది పూర్తి చేయించి, బండ్ల రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ వాహన్‌లో ఫైనాన్షియర్ పేరు పోయిందో లేదో మీరే చూసుకుని, అప్పుడు డబ్బివ్వండి. ఎన్‌ఓసీ మీదున్న ఛాసిస్ నంబరుని బండి మీద కొట్టిన నంబరుతో అంకె అంకె సరిచూడండి. ఒకే ఓనరుకి రెండు ఆటోలుంటే ఒకదాని ఎన్‌ఓసీ ఇంకొకదానికి చూపించడం మన రోడ్ల మీద కొత్తేమీ కాదు.

ప్రశ్న: బీకాం చేశాను. బరంపురంలో ఇంటి నుంచే ఒక ఔట్‌సోర్సింగ్ కంపెనీకి పనిచేస్తున్నాను. అమెరికా బ్యాంకుల కోసం యూసీసీ అనే అక్కడి వాణిజ్య చట్టం కింద పెట్టే తాకట్టు రికార్డులు వెతికి రిపోర్టు ఇవ్వడం మా పని. ఒక చుక్క, ఒక 'అండ్', ఒక ఇనిషియల్ తేడా వస్తే సీనియర్లు క్లాసు పీకుతున్నారు. మనిషి ఎవరో తెలుస్తున్నప్పుడు అంత టెన్షన్ దేనికి సార్?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మీ సీనియర్ల పక్షమే నేను, ఏమీ అనుకోకమ్మా. దేశం మారినా రోగం అదే, కాకపోతే అక్కడ ఇంకా ముదిరింది. మన ఇంటికి ప్లాట్ నంబరుంది, ఆటోకి ఛాసిస్ నంబరుంది. మీరు వెతికే వ్యాపార అప్పుల్లో తాకట్టు పెట్టేది గోదాములో సరుకు, రావాల్సిన బాకీలు, మిషన్లు. వీటన్నిటికీ కలిపి ఒక నంబరు ఎక్కడుంటుంది? అందుకని యూసీసీ-1 అనే నోటీసుని అప్పు తీసుకున్నవారి పేరుతోనే రికార్డులో పెడతారు. పేరు తప్పితే పట్టుకోవడానికి రెండో కొస లేదు.

అక్కడి చట్టంలో, అంటే యూసీసీ తొమ్మిదో ఆర్టికల్‌లో, పరీక్ష ఇది. సరైన పేరుతో, ఆ ఆఫీసు వాడే మామూలు సెర్చ్ పద్ధతిలో వెతికినప్పుడు తప్పు పేరుతో ఉన్న నోటీసు కూడా బయటపడితే ఆ తప్పుని మన్నిస్తారు. బయటపడకపోతే ఆ నోటీసు పనికిరాదు. అప్పు తీసుకున్న కంపెనీ దివాలా తీసినప్పుడు ఆ బ్యాంకు తాకట్టు లేని మామూలు అప్పులవాళ్ళ వరసలో నిలబడాల్సిందే. మనిషి ఎవరో తెలుస్తోందా లేదా అని ఎవరూ అడగరు. సెర్చ్‌లో వచ్చిందా లేదా, అంతే.

చాలా రాష్ట్రాల సెర్చ్ పద్ధతి పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడదు, చుక్కలూ కామాలూ ఖాళీలూ చూడదు, చివర ఉండే ఇంక్, ఎల్‌ఎల్‌సీ లాంటివి వదిలేస్తుంది. స్పెల్లింగు తప్పుని మాత్రం వదలదు. పొట్టి మాటని పొడుగు మాటగా తనంతట తాను అర్థం చేసుకోదు. వర్జీనియాలో టైరింగ్‌హామ్ హోల్డింగ్స్ అనే కంపెనీ మీద ఒక నగల సరఫరాదారు నోటీసు వేస్తూ రెండు మాటల మధ్య 'అండ్' గుర్తు పెట్టాడు. సరైన పేరుతో వెతికితే అది రాలేదు. 2006లో దివాలా కోర్టు ఆ నోటీసు చెల్లదంది. ఫ్లోరిడాలో 1944 బీచ్ బూలెవార్డ్ అనే ఎల్‌ఎల్‌సీ ఉంది. బ్యాంకు నోటీసులో బూలెవార్డ్‌ని మనం రోడ్డుకి ఆర్‌డీ అని రాసినట్టు పొట్టిగా రాశారు. ఆ రాష్ట్ర వెబ్‌సైట్ పేర్లని అక్షర క్రమంలో పేజీలుగా చూపిస్తుంది, ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ పోవచ్చు. తిప్పితే కనబడుతుంది కదా అని బ్యాంకు వాదించింది. అలా తిప్పుకోవడాన్ని ప్రామాణిక సెర్చ్ పద్ధతి అనలేమని, కాబట్టి మన్నింపు సూత్రమే అక్కడ వర్తించదని 2022లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు తేల్చింది.

మనుషుల పేర్లతో ఇంకా కష్టం. కాన్సస్‌లో టెరన్స్ జోసెఫ్ అనే రైతుని అందరూ టెర్రీ అనేవారు. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ నోటీసు టెర్రీ పేరుతోనే వేసింది. 2004లో అది చెల్లకుండా పోయింది. మన దగ్గర బుజ్జి పేరుతో తాకట్టు రాస్తే ఎలా ఉంటుందో అలా. 2013 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణలతో చాలా రాష్ట్రాలు ఈ తగువు తెంచేశాయి: చెల్లుబాటులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు మీద పేరు ఎలా ఉంటే నోటీసులో అలాగే ఉండాలి. కంపెనీ అయితే రాష్ట్రం దగ్గరున్న దాని స్థాపన పత్రంలో ఎలా ఉంటే అలా. లెటర్‌హెడ్, బోర్డు, వెబ్‌సైట్ వీటిలో దేన్నీ నమ్మకూడదు.

నోటీసు వేసేవాళ్ళకి పేరు ఒక్కటే ఉండాలి. మీలా వెతికేవాళ్ళకి దీనికి తలకిందులు. మొదటి సెర్చ్ ఆ అధికారిక పేరుతో, అక్షరం మార్చకుండా చేయాలి. తర్వాత తప్పుగా రాసి ఉండగల రకాలు, పాత పేర్లు. పాత పేరు ఎందుకంటే, కంపెనీ పేరు మారినా అంతకుముందున్న ఆస్తి మీద, మారాక నాలుగు నెలల్లో వచ్చిన ఆస్తి మీద పాత నోటీసు పనిచేస్తూనే ఉంటుంది. కొత్త పేరుతో మాత్రమే వెతికి "క్లీన్" అని రిపోర్టు ఇచ్చేస్తే మునిగేది మీ క్లయింటే. రాష్ట్రం కూడా సరిగా ఎంచుకోవాలి. ఫ్యాక్టరీ టెక్సస్‌లో ఉన్నా కంపెనీ డెలావేర్‌లో రిజిస్టరైతే వెతకాల్సింది డెలావేర్‌లో. మనిషైతే ప్రధానంగా నివాసముండే రాష్ట్రంలో.

తేదీలు కూడా చూడమ్మా. మామూలు నోటీసు గడువు ఐదేళ్ళు. పొడిగింపు చివరి ఆరు నెలల్లోనే వేయాలి. తొందరపడి ఏడాది ముందే వేసినా అది చెల్లదు. నీ రిపోర్టులో పొడిగింపు కనబడగానే నిట్టూర్చకుండా అది ఆ ఆరు నెలల్లో పడిందా లేదా లెక్క చూడు.

సీనియర్ల మీద కోపం వచ్చినప్పుడు జనరల్ మోటార్స్ కథ గుర్తుచేసుకో. 2008లో ఆ కంపెనీ 30 కోట్ల డాలర్ల ఒక పాత లీజు అప్పు తీర్చేస్తోంది. దానికి సంబంధించిన నోటీసులు రద్దు చేయాలి. లాయర్ల ఆఫీసులో ఒకరు కంపెనీ పేరుతో సెర్చ్ చేయించారు. మూడు యూసీసీ-1లు వచ్చాయి. రెండు ఆ లీజువి, మూడోది దాదాపు 150 కోట్ల డాలర్ల వేరే అప్పుది. దానికి కూడా జేపీ మోర్గానే బ్యాంకు. మూడూ రద్దు జాబితాలో చేరిపోయాయి. ఆ కాగితాలు రెండు వైపులా చేతులు మారాయి, ఎవరికీ పట్టలేదు. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ దివాలా తీశాకగానీ సంగతి బయటపడలేదు. మేం రద్దు చేయాలనుకోలేదు మొర్రో అని బ్యాంకు మొత్తుకుంది. ఆ కాగితం దాఖలు చేయడానికి మీరు ఒప్పుకున్నారా లేదా అన్నదే ముఖ్యం, దాని ఫలితం మీకు తెలుసా లేదా అన్నది కాదని 2015 జనవరిలో అప్పీలు కోర్టు చెప్పింది. అంటే సెర్చ్‌లో వచ్చినవన్నీ ఒకే అప్పువి కావు. ప్రతి నోటీసు తెరిచి, అది ఏ అప్పుదో చూసి, నంబరు పక్కన రాయాలి. ఆ పని మీ రిపోర్టుతోనే మొదలవుతుంది.

ప్రశ్న: ఇంటి అప్పు మొత్తం తీర్చేశాను. ఒరిజినల్స్ కూడా తిరిగిచ్చారు. ఇప్పుడు కూతురి చదువుకని ఇంకో బ్యాంకుకి వెళ్తే సెర్సాయ్‌లో పాత తాకట్టు అలాగే ఉందంటున్నారు. పాత బ్రాంచికి వెళ్తే "మా పని అయిపోయింది" అంటున్నారు. నేనే తీయించుకోవచ్చా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: మీరు తీయలేరు మాస్టారూ, నమోదు చేసినవాళ్ళే తీయాలి. దానికి సెర్సాయ్ వసూలు చేసే రుసుము కూడా లేదు, కాబట్టి ఖర్చు సాకు చెల్లదు. రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన ఆదేశం ప్రకారం అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వడమే కాదు, ఏ రిజిస్ట్రీలో తాకట్టు నమోదు ఉన్నా తీయించాలి. ఆలస్యం వాళ్ళ వల్లే జరిగితే రోజుకి 5,000 రూపాయలు పరిహారం. ఇది 2023 డిసెంబరు 1, ఆ తర్వాత కాగితాలివ్వాల్సిన అప్పులకి వర్తిస్తుంది. మీరు ఎప్పుడు తీర్చారో ఉత్తరంలో రాయలేదు.

నోటిమాటగా అడగకండి. సెర్సాయ్ రిపోర్టు ప్రింట్ తీసి, అందులోని తాకట్టు నమోదు ఐడీ, మీ లోన్ నంబరు, అప్పు తీరిన తేదీ రాసి, బ్రాంచిలో ఇచ్చి, కాపీ మీద సీలు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు. మీ పాత బ్యాంకు ఈమధ్య ఇంకో బ్యాంకులో విలీనమై ఉంటే నమోదు పాత పేరుతోనే ఉండొచ్చు. అప్పుడు బ్రాంచివాళ్ళు వాళ్ళ సిస్టంలో వెతికి "మాది కాదు" అనేస్తారు. ఐడీ నంబరు చేతికిస్తే ఆ మాట అనలేరు. ఇంకొక్కటి: మధ్యలో టాప్-అప్ ఏదైనా తీసుకున్నారా? దానికి వేరే నమోదు ఉంటుంది. మీరు చూసింది అదేమో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: జయపురంలో మా అన్నదమ్ములకి ప్రైవేట్ లిమిటెడ్ పేరుతో రైస్ మిల్లు ఉంది. బ్యాంకు నుంచి వర్కింగ్ క్యాపిటల్ తీసుకున్నాం. కంపెనీ ఛార్జ్ (కంపెనీ ఆస్తి మీది తాకట్టు) రిజిస్టర్ చేయించారా అని ఆడిటర్ గారు అడుగుతున్నారు. సెర్సాయ్‌లో బ్యాంకు నమోదు చేసింది కదా, మళ్ళీ ఇదెందుకు?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: అది వేరు, ఇది వేరు. కంపెనీ ఆస్తి తాకట్టు పెడితే సీహెచ్‌జీ-1 ఫారం 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కి దాఖలు చేయాలి, ఆ బాధ్యత మీ కంపెనీది. అదనపు రుసుముతో 60 రోజుల దాకా, ఇంకా భారీ రుసుముతో 120 రోజుల దాకా వీలుంది. అది దాటితే మామూలు దారి మూసుకుపోయినట్టే. మీరు వేయకపోతే బ్యాంకే వేసి ఖర్చు మీ దగ్గర రాబట్టుకోవచ్చు. అప్పు తీరాక, తాకట్టు తీరిందని చెప్పే సీహెచ్‌జీ-4కి కూడా 30 రోజులే గడువు, ఆలస్య రుసుముతో 300 రోజులు.

ఫారంలో మిల్లు బోర్డు మీది పేరు కాకుండా ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ మీది పేరు, కంపెనీ గుర్తింపు నంబరు సీఐఎన్ ఉండాలి. అన్నదమ్ముల్లో ఒకరి సొంత పేరున్న స్థలం కూడా హామీగా పెట్టి ఉంటే అది కంపెనీ ఆస్తి కాదు, దాన్ని ఇందులో కలపకండి. శాంక్షన్ లెటరు ముందు పెట్టుకుని ఒక్కో ఆస్తి పక్కన ఎవరి పేరుందో రాసి, రేపే ఆడిటర్ గారికి ఇవ్వండి. 30 రోజుల లెక్క మీరు తాకట్టు కాగితాల మీద సంతకం పెట్టిన తేదీ నుంచి మొదలైంది, డబ్బు ఖాతాలో పడ్డ రోజు నుంచి కాదు.